ఊడ్చేసిన పెచ్చులు

యుద్ధపు బండికి కట్టే ఉక్కు పలక మీద ఫిరంగి గుండు పడితే ఏమవుతుందో కంప్యూటర్లో లెక్కగట్టడం అక్క ఉద్యోగం. పలకను లక్షల గడులుగా విడగొడతారు. దెబ్బకు ఏ గడైనా మరీ నలిగితే లెక్క మొరాయిస్తుంది. ఆ గడిని చెరిపేస్తే మళ్లీ కదులుతుంది. అందరూ చేసేదే. ఆఫీసులో దాన్ని ఊడ్చడం అంటారు. అందరికంటే చురుగ్గా ఊడుస్తుందని అక్కకు చీపురని పేరు పెట్టారు.

తమ్ముడు అలాంటి బండికే డ్రైవరు. "మా అక్క కట్టిన గోడ వెనకాల కునుకు తీసినా ఏం కాదురా" అని తోటివాళ్ల దగ్గర కోతలు కోసేవాడు.

ఒకరోజు ఆ బండి మీదే గుండు పడింది. పలకకు చిల్లు పడలేదు. తమ్ముడు పోయాడు.

"పలక పగల్లేదంటున్నారు. మరి నా బిడ్డ ఎలా పోయాడే?" అంది అమ్మ.

అక్క ఆఫీసుకు వెళ్లి, ఏ గడినీ చెరపకుండా, నలిగినవాటిని విడి ముక్కలుగా వదిలేసి, ఆగినప్పుడల్లా కదిలిస్తూ పాత లెక్కనే మళ్లీ నడిపింది. తెర మీద గుండు ఆగింది. పలక నిలిచింది. లోపలి వైపు మాత్రం ఉక్కు పెచ్చులుగా ఊడి డ్రైవరు సీటు మీదికి ఎగిసింది. ఇన్నేళ్లూ చెత్త అనుకుని ఊడ్చింది దాన్నే.

పెద్దసారుకు చూపించింది.

"చిల్లు పడుతుందా అనే కదమ్మా మనల్ని అడిగింది? పడలేదుగా."

"లోపల మనిషుంటాడు సార్. వచ్చే వారం ఇంకొన్ని బళ్లు పోతున్నాయి. లోపల మందపాటి నార పొర వేస్తే పెచ్చులు దాంట్లోనే చిక్కుకుంటాయి."

"బండి బరువు ఖరారైపోయింది. నువ్వు బాధలో ఉన్నావు, సెలవు పెట్టుకో."

బాధట! బాధలో ఉన్న మనిషికి కళ్లు కనిపించవా?

ఇంటికొచ్చి అమ్మ ముందు కూలబడింది. "పెచ్చులు లోపల ఎగిరాయమ్మా. మా లెక్కలో అవి లేవు. మేమే తీసేశాం."

"ఎందుకు తీశారే?"

"ఉంచితే లెక్క ఆగిపోతుందని."

"ఆగితే ఆగేది! ఎవరి కొంప మునిగేదే?"

అమ్మ ఏడవలేదు. వచ్చే వారం ఇంకొన్ని బళ్లు ఇలాగే పోతున్నాయని అక్క చెప్పగానే లేచింది. "ఆ బళ్లు ఎక్కే పిల్లల ఇళ్లు తెలుసా?"

"ఒకట్రెండు తెలుసు."

"చెప్పులేసుకో."

మొదటి ఇంటావిడ తలుపు తీసి, అమ్మ చేతులు పట్టుకుని, "మీకు జరిగింది విన్నాను వదినా. మావాడికి మాత్రం కొత్త బండి ఇస్తున్నారట, భయం లేదట" అంది.

అమ్మ అక్కను ముందుకు తోసింది. పెచ్చుల సంగతి అక్కే చెప్పాల్సి వచ్చింది.