సోఫ్రోన్ దాచిన కలుపు

జూలై పదిహేడు, బుధవారం ఉదయం ఐదుంబావుకు వెతూరియా తన మరిది పచ్చిక మీదికి చేరేసరికి, ఆమె ఫొటో తీయవలసిన మొక్క అక్కడ లేదు.

గుర్తుకు పాతిన కర్ర ఉంది. కర్ర చుట్టూ చాప పరిచినంత మేర గడ్డి దువ్వినట్టు ఉంది. మొక్క ఉండిన చోట కొత్త మట్టి, దాని మీద బూటు గుర్తు.

వెతూరియాకు అరవై రెండేళ్ళు. అపుసెని కొండల్లోని ఆ ఊళ్ళో ముప్పై నాలుగేళ్ళు తపాలా మోసింది. ఉద్యోగం అయిపోయాక కెమెరా కొన్నది. శిఖరాలు తీయదు, ఆకాశం తీయదు. పచ్చికలో రెండడుగుల నేల తీస్తుంది. సెప్టెంబరులో ఊరి సాంస్కృతిక భవనంలో పన్నెండు ఫొటోలు పెడతానని మాట ఇచ్చింది. పదకొండు అయ్యాయి. కొండ మీద మిగతా పచ్చికలన్నీ పశువుల మేతకు కోసేశారు. ఇదొక్కటే మిగిలింది. ఇది ఈ ఉదయం కోస్తారు.

రేపటికి వాయిదా వేయమని ఆమె అడగలేదు. పొడవు పిడి కొడవలికి మంచు కావాలి. మంచు ఆరిన గడ్డి తెగదు, వంగుతుంది. వెతూరియాకూ ఆ మంచే కావాలి. ఎండ తూర్పు శిఖరం దాటి పచ్చిక మీద పడేది ఏడింటికి. అప్పటిదాకా మంచు అందరిదీ.

కర్ర దగ్గరి చోటు కోసం ఆమె మూడు ఉదయాలు పైకి ఎక్కింది. మధ్యలో కిటికీ కోసిన అట్టముక్కను కంటికి అడ్డం పెట్టుకుని, జానెడు అటూ జానెడు ఇటూ జరుగుతూ చూసింది. మొదటి రోజు గాలి. రెండో రోజు ఎండ తొందరగా వచ్చింది. మూడో రోజు ఆ కిటికీ పై మూలలో ఒక తెల్లటి ఎండు కాడ. ఆమె ఏ మొక్కనూ పీకదు. అడ్డొచ్చిన కాడను బూడిదరంగు ఉన్ని దారంతో పక్కకు కడుతుంది, పనయ్యాక విప్పుతుంది. ఆ దారం అప్పుడు జేబులో లేదు. ఈ ఉదయం తెచ్చుకుంది.

"సోఫ్రోన్!"

దిగువ అంచున సానరాయితో కొడవలి నూరుకుంటున్న మరిది తలెత్తాడు. కొడవలి భుజాన వేసుకుని, నవ్వుతూ ఎక్కి వచ్చాడు.

"చూశావా వదినా? నిన్న సాయంత్రం రెండు గంటలు మోకాళ్ళ మీద కూర్చుని ఏరాను. చీకటి పడిపోయింది. ఒక్క కలుపు మొక్క ఉంటే చూపించు."

"ఆ వెడల్పాకు మొక్క ఏదయ్యా?"

"వేరుతో సహా పెకలించా. నడుం పట్టేసింది."

"నేను తీయాలనుకున్నది దాన్నే."

సోఫ్రోన్ నవ్వు ఆగింది. "దాన్నా? ఆవు తింటే చచ్చే మొక్కనా? దాన్ని గోడకి తగిలించి కింద నా పేరు రాస్తావా?"

"నీ పచ్చిక కదా, నీ పేరే రాస్తా."

"అందుకే కదా పీకింది!"

వెతూరియా ఏదో అనబోయింది. అతని ప్యాంటు మోకాళ్ళ మీద మట్టి చూసింది. నవ్వొచ్చింది. చాలాసేపు నవ్వింది. తర్వాత గడియారం చూసుకుంది. ఐదు ఇరవై ఎనిమిది.

"ఇంకెక్కడుంది అది?"

"ఎక్కడా లేదు."

ముప్పై నాలుగేళ్ళు తలుపులు తట్టిన మనిషికి, ఇంట్లో ఉండి లేమని చెప్పే గొంతు తెలుసు.

"అబ్బాయ్, నా ముందా?"

"నా పచ్చికలో లేదంటున్నా కదా!"

అతని భార్య లెయోంటినా కోతవాళ్ళకు మొక్కజొన్నపిండి ముద్ద, జున్ను ఉన్న బుట్ట దించుకుంటూ ఆ మాట విన్నది.

"ఊట దగ్గర లేదూ? ఏటా కోతరోజు అందరికన్నా ముందొచ్చి దాన్ని కోసేసి, పైన గడ్డి కప్పేస్తాడక్కా. ఈసారి నీ కర్ర దగ్గర ఏరుతూ అలిసిపోయి, పొద్దున లేవలేకపోయాడు."

"నువ్వు నోరు మూసుకోవే."

"ఊళ్ళో చెప్పొద్దన్నావు గానీ, అక్కతో చెప్పొద్దనలేదుగా."

కింద నలుగురు కోతవాళ్ళు మెట్లలా ఒకరికన్నా ఒకరు కాస్త వెనకగా నిలబడి కోత మొదలుపెట్టారు. ముందున్నది పొరుగు రైతు ఇయెరోనిమ్. అతని పచ్చికలో కలుపు ఉండదని పేరు. సోఫ్రోన్ అతని వైపు చూశాడు, వదిన వైపు చూశాడు. కొడవలి నేల మీద పెట్టాడు.

"రా," అన్నాడు.

ఊట చిన్న పల్లంలో ఉంది. అక్కడ ఆ మొక్కలు పదిహేను ఉన్నాయి. ఆకులు కొత్త బట్టను మడతలు పెట్టినట్టు గీతలు గీతలుగా ఉన్నాయి. ప్రతి గీతలో మంచు నిలిచింది. వాటి మధ్యలో గంటల్లా వేలాడే నీలం పూలు.

"వీటిని వదిలించడం మా నాన్న వల్ల కూడా కాలేదు," అన్నాడు సోఫ్రోన్ నేల చూస్తూ.

వెతూరియా వినలేదు. అట్టముక్క కంటికి పెట్టుకుంది. ఒక అడుగు వెనక్కి. మోకాళ్ళ మీదికి. కిటికీ ఎడమ అంచున సగమే కనిపిస్తున్న పువ్వు. జానెడు ఎడమకు జరిగింది, పువ్వు పూర్తిగా లోపలికి వచ్చింది. స్టాండు కాళ్ళు తెరిచింది. నాలుగు మూలలూ ఒక్కొక్కటే చూసింది. కింది మూలలో ఒక కాడ మెరుస్తోంది. ఉన్ని దారంతో దాన్ని పక్కకు కట్టింది.

ఆకుల మీద వెలుతురు చాలేసరికి ఆరు ఇరవై అయింది, అప్పుడే గాలి లేచింది. ఆకులు కదలలేదు గానీ పూలు ఊగాయి. ఆమె బటన్ మీద వేలు పెట్టి కూర్చుంది. ఆరు ముప్పైకి కోతవాళ్ళ వరస పల్లం అంచుకు వచ్చింది.

ఇయెరోనిమ్ ఆగాడు. పల్లంలోకి చూశాడు.

"ఓరి సోఫ్రోన్! ఏంట్రా ఇది? తోట పెంచుతున్నావా?"

మిగతా ముగ్గురూ పకపకా నవ్వారు. సోఫ్రోన్ చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వింది చాలు," అంది వెతూరియా తల తిప్పకుండా. "ఊరికే నిలబడే బదులు గాలికి అడ్డంగా నిలబడండి. ఇయెరోనిమ్, నువ్వు లావుగా ఉన్నావు, మధ్యలోకి రా."

"ఇది లావు కాదమ్మా, చలికి లోపల నాలుగు చొక్కాలు!"

"వాటన్నిటితో రా."

నలుగురూ కొడవళ్ళు నేలన పెట్టి భుజాలు కలిపి నిలబడ్డారు. ఐదోవాడుగా సోఫ్రోన్ వచ్చి కోటు రెండు చేతులా చాపి పట్టుకున్నాడు. ఎవరికో తుమ్ము వచ్చింది, ఆపుకున్నాడు. పూలు ఊగడం తగ్గింది. ఆగింది.

ఆరు నలభై రెండుకు వెతూరియా బటన్ నొక్కింది. మళ్ళీ రెండుసార్లు నొక్కింది. లేచి దారం విప్పి జేబులో పెట్టుకుంది.

"ఇక కోసుకోండి."

"కోయాలా?" అన్నాడు సోఫ్రోన్.

"మరి? నీ ఆవులు బతకొద్దూ?"

ఎండ వచ్చేలోపు పల్లం కోసేశారు. ఆ మొక్కలు మాత్రం సోఫ్రోన్ ఒక్కడే కోసి, గడ్డిలో కలపకుండా విడిగా కుప్ప వేశాడు. దాని మీద ఏమీ కప్పలేదు.

సెప్టెంబరు పద్నాలుగు, శనివారం సాయంత్రం పన్నెండు ఫొటోలూ గోడ మీద ఉన్నాయి. పన్నెండోదాని కింద చీటీ: "సోఫ్రోన్ పచ్చిక, ఊట దగ్గర." సోఫ్రోన్ కోటు వేసుకుని దాని పక్కనే నిలబడ్డాడు. వచ్చిన ప్రతివాడికీ ఆ మొక్క పేరు, దాని వేరు ఎంత లోతు పోతుందో చెప్పాడు. ఇయెరోనిమ్ దాని ముందు పది నిమిషాలు నిలబడి, తర్వాత వెతూరియాను తలుపు వెనక్కి పిలిచాడు.

"అమ్మా, ఇంతకన్నా పెద్దవి మా కొట్టం వెనక ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. వచ్చే జూన్‌లో వస్తావా?"

వెతూరియా తపాలా రోజుల నాటి పుస్తకం తీసి రాసుకుంది. ఆ రాత్రి భవనం మూసేసరికి అందులో ఐదుగురు రైతుల పేర్లు ఉన్నాయి. మొదటిది ఇయెరోనిమ్‌ది.