ఛాతీ కొలత

ఇస్త్రీపెట్టె కాలిందో లేదో చూడ్డానికి బలరాం దాని మీద నీళ్ళు చిలకరించాడు. చుయ్‌మంది. ఉక్కు ప్లాంటు గార్డుల ఖాకీ చొక్కాలు ఇంకా కొన్ని మిగిలాయి. కాలరు మీద పెట్టె నడుపుతుంటే భుజం పట్టేసింది. అయినా చెయ్యి ఆగలేదు, దానంతటదే నడిచింది.

పవర్ హౌస్ మార్కెట్లో, స్టేషను వైపు తిరిగే సందులో ఉంది అతని దుకాణం. ఒక మంచం వేస్తే నిండిపోయేంత. యూనిఫారాలు తప్ప ఇంకేమీ కుట్టడు. విజయనగరం పక్క నుంచి తండ్రి ప్లాంటు పనికి వస్తే వెంట వచ్చాడు. కుర్రతనంలో మిలిటరీ సెలక్షన్లకని దుర్గ్ వెళ్ళాడు. పరుగులో అందరికంటే ముందొచ్చాడు. ఆ తర్వాత ఒక హవల్దారు అతని ఛాతీకి టేపు చుట్టి, గాలి పీల్చమని, మళ్ళీ చుట్టి, "జావో" అని పంపేశాడు. అంతే. ఇంటికొచ్చి టేపు తనే మెడలో వేసుకున్నాడు.

భార్య మణిమాల కాగితం పొట్లంలో అటుకుల పోహా తెచ్చింది. పైన వేడి జిలేబీ ఒకటి, పాకం కారుతూ.

"తిను ముందు. నిన్నట్నుంచీ ఆ కోటుకేసే సూస్తన్నావు. అదేటి, నీకు పిల్లనిస్తదా?"

"ఎలా కుట్టాలో తేల్లేదే."

నల్ల కోటు హేంగరుకి వేలాడుతోంది. లెఫ్టినెంట్ జనరల్ రామమోహనరావుది. కోక్ ఓవెన్ల దగ్గర పనిచేసిన మనిషి కొడుకు ఆయన. ప్లాంటు క్వార్టర్లున్న సెక్టారు బడిలో చదివి, సైన్యంలో చేరి, అంత పైకి ఎక్కి, రిటైరై ఇక్కడే కోహ్కాలో ఇల్లు కట్టుకున్నాడు. రేపు తెలుగువాళ్ళ సంఘం హాల్లో మాజీ సైనికులకి సన్మానం. పతకాలన్నీ పెట్టుకుని రమ్మన్నారు.

ఆ పతకాల పట్టీ ఆయన రిటైరైన ఏడాది బలరాం కుట్టిందే. ఛాతీ నడిమి నుంచి భుజం వైపుకి, పెద్దది ముందు, చిన్నది తర్వాత. పరమ విశిష్ట సేవా పతకం, అతి విశిష్ట, విశిష్ట. ఆ పక్కన తూటా తగిలినందుకిచ్చింది. తర్వాత సియాచిన్ మంచులో ఉన్నందుకిచ్చింది. చివర సర్వీసు పతకాలు. ఆయన ఉద్యోగమంతా వెనక నుంచి ముందుకి చదివినట్టు ఉంటుంది ఆ వరస.

అప్పట్లో పట్టీ ఆయన ఛాతీ మీద దర్జాగా సరిపోయింది. జబ్బు చేసి మందులు మొదలయ్యాక మనిషి సగమైపోయాడు. కోటు ఇప్పటి ఒంటికి బిగిస్తే పట్టీ చంకలోకి పోతోంది.

"ఒకదాని మీద ఒకటి ఎక్కించీ. పనైపోద్ది," అంది మణిమాల.

"ఎక్కిస్తే మొదటిదొక్కటే కనపడతాది. సియాచిన్‌ది కనపడాలన్నాడాయన."

మధ్యాహ్నానికి జనరల్ గారే ఆటోలో వచ్చాడు. రెక్క పట్టుకుని దింపిన కూతురు హేమమాలిని ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, మందుల కోసం ఎదురు దుకాణానికి వెళ్ళింది.

"ఏమయ్యా బలరాం, దొరికిందా నా ఛాతీ?"

"తగ్గింది సాబ్."

"అది నాకూ తెలుసు. పెంచే ఉపాయం చెప్పు." ఊపిరి కోసం ఆగాడు. "రేపు మరోదా నుంచి నూకాలమ్మ వస్తోంది. సింహాద్రి భార్య. నేను కెప్టెన్‌గా ఉండగా సియాచిన్ మంచులోనే పోయాడు సింహాద్రి, నా పక్క గుడారంలో. వాళ్ళింట్లో అతని ఫోటో కింద అక్కడి పతకం ఒక్కటే ఉంటుంది. ఆవిడ గుర్తుపట్టేది అదొక్కటే. నా మీద అది కనపడలేదనుకో, సాబ్ మర్చిపోయాడనుకుంటుంది."

"అయితే దాన్నే ముందుకి తెచ్చేద్దామండి."

"వరస తప్పకూడదు. హాలు నిండా సిపాయిలే. నన్ను నిలబెట్టి క్లాసు పీకుతారు."

"పోనీ, పెద్దవి ఇంట్లో ఉంచీండి."

"అవి ఆఫీసులో కూర్చున్నందుకిచ్చారు, నిజమే. ఇచ్చారుగా మరి. దాచేస్తే ఇచ్చినవాళ్ళని కాదన్నట్టుంటుంది."

బలరాం టేపు చుట్టాడు. చొక్కా కింద ఎముకలు వేళ్ళకి తగిలాయి. "గాలి పీల్చండి సాబ్," అన్నాడు అలవాటుగా. ఆయన పీల్చాడు. టేపు కదల్లేదు. బలరాం దాన్ని నెమ్మదిగా తీసి మెడలో వేసుకున్నాడు.

"కోటుకి ఛాతీ పెడతాను సాబ్," అన్నాడు. "లోపల కాన్వాసు పొరలేసి ముందుకి లేపుతాను. మీరు అలిసిపోయినా అది మాత్రం నిలబడే ఉంటాది."

జనరల్ నవ్వాడు. నవ్వు దగ్గులోకి జారింది. కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడిక నాకంటే కోటే సీనియర్ అన్నమాట," అన్నాడు. సాయంత్రం వస్తానని చెప్పి, కూతురి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కాడు.

బలరాం లైనింగు విప్పాడు. కాన్వాసు కత్తిరించి, పొర మీద పొర పెట్టి చేత్తో కుట్టాడు. సూదిలో దారం మణిమాలే ఎక్కించి ఇస్తోంది, అతని కళ్ళకి ఆ బెజ్జం కనపడటం మానేసి చాలా రోజులైంది. ఎండ తడకల మీద నుంచి కిందకి దిగింది. నడుం నిలువునా లాగింది. ఒక్కసారి తల మిషను మీద వాల్చి, మళ్ళీ లేపి, కుట్టాడు.

పట్టీ పెట్టి చూడాలి. చూడాలంటే ఎవరో ఒకరు తొడుక్కోవాలి. బలరామే తొడుక్కున్నాడు. పిన్ను గుచ్చాడు. పతకాలన్నీ వరసగా, ఒకదాన్నొకటి కప్పకుండా, సియాచిన్‌ది నిండుగా కనపడుతూ నిలబడ్డాయి.

మణిమాల బొత్తాములు కుట్టడం ఆపి తేరిపార చూసింది. "అబ్బో! సెలక్షనైపోయావు."

"ఊరుకోయే."

"ఆ హవల్దారుకి నీ ఛాతీ సాల్లేదు గానీ, నాకెప్పుడూ తక్కువ పడలేదులే." లేచొచ్చి అతని కాలరు సర్దింది. ఎవరైనా చూస్తారేమోనని బలరాం గబగబా కోటు విప్పేశాడు. కానీ చెవులు ఎర్రబడ్డాయి.

పొద్దు వాలుతుండగా ఆటో వచ్చింది. హేమమాలిని ఒక్కతే దిగింది. వచ్చి తండ్రి కూర్చున్న స్టూలు మీదే కూర్చుంది.

"అంకుల్, డాడీ పోయారు. అన్నం తిని పడుకున్నారు. టీకి లేపబోతే..." మణిమాల గ్లాసుతో నీళ్ళిచ్చి, వీపు నిమిరింది.

గ్లాసు కింద పెట్టి ఆ అమ్మాయి చెప్పింది. "రాయపూర్ నుంచి ఆర్మీవాళ్ళు వస్తున్నారు. మెడల్స్ నల్ల దిండు మీద పెట్టి ముందు నడుస్తారట. కుట్టి ఇవ్వగలరా?"

బలరాం మఖ్మలు గుడ్డ తీశాడు. దిండుకి ఛాతీ కొలత లేదు. కావలసినంత వెడల్పు కత్తిరించాడు. దూది కూరి, మూతి కుట్టి, కోటు మీది పట్టీ తీసి విప్పి, పతకాల్ని ఒక్కొక్కటిగా దిండు మీద కుట్టాడు. వరస తప్పలేదు. ఒక్కో దానికి మధ్య వేలెడు చోటు వదిలాడు.

"నూకాలమ్మ గారికి తెలుసా అమ్మా?"

"కబురు వినగానే వచ్చారు. ఎంత పిలిచినా లోపలికి రారు. గేటు దగ్గరే నిలబడ్డారు."

"దిండు బయటికి తెచ్చినప్పుడు ఆవిణ్ణి దగ్గరికి రమ్మను. ఈ పక్కన నిలబెట్టు." సియాచిన్ పతకం ఉన్న చోటు వేలితో చూపించాడు. "ఇక్కడ. ఆవిడకి తెలుస్తాది."

హేమమాలిని ఆ చోటుకేసి చూసి తలూపింది. దిండుని రెండు చేతుల్లోకి తీసుకుని లేచింది.

"మరి కోటమ్మా?"

"యూనిఫాంలోనే తీసుకెళ్తారట అంకుల్."

ఆటో సందు మలుపు తిరిగింది. మణిమాల మిషను మీద ముసుగేసి, అతని చెయ్యి పట్టుకుని లేపింది. ఇస్త్రీపెట్టె అప్పటికే చల్లారింది. గోడకి కోటు నిండైన ఛాతీతో వేలాడుతోంది, ఎడమ వైపు పిన్ను దూరిన రెండు చిన్న చిల్లులతో.