కాశమ్మ పట్టు

పాప మోకాళ్లను తన మోకాళ్ల మధ్య బిగించి, మోచేతిని చంకలో ఇరికించుకుని, కాశమ్మ రామనామం అందుకుంది. సూది దిగింది. పాప ఆమె ముంజేతిని కసుక్కున కొరికింది. నామం ఆగలేదు. ఆ చేతి నిండా పళ్ల గాట్లే. పాతవి నల్లబడ్డాయి, కొత్తవి ఇంకా ఎర్రగా ఉన్నాయి.

తార్నాక దాటి క్యాంపస్‌లోకి మళ్లే దారిలో ఉన్న ఆ రక్తపరీక్షా కేంద్రానికి నడుస్తూ నడుస్తూ కూలిపోయిన పిల్లలు, ఉన్నట్టుండి చూపు పోయిన పిల్లలు వస్తారు. ఒంటికి కాపలా కాయాల్సిన యాంటీబాడీలే తిరగబడి మెదడు నరాల మీది పొరను తినేస్తున్నాయేమోనని వాళ్ల రక్తంలో వెతుకుతారు. రక్తం తీసేటప్పుడు పిల్లలను కదలకుండా పట్టుకోవడం కాశమ్మ పని.

ఆమెకున్నంత గట్టి పట్టు ఇంకెవరికీ లేదంటుంది డాక్టర్ సుధామయి. అది ఎక్కడ నేర్చుకుందో కాశమ్మ ఎవరికీ చెప్పలేదు. లాలాపేట్‌లోని ఒంటిగది ఇంట్లో మొగుడు ఆమెను అలాగే బిగించి కొట్టేవాడు. అతను పోయాక ఆ పట్టు ఆమె చేతుల్లో మిగిలింది. ఒకే పట్టును రెండు పనులకూ ఎందుకిచ్చావు స్వామీ అని దీపం పెట్టేటప్పుడు అప్పుడప్పుడు అడుగుతుంది.

పాప వెళ్లాక ఎంకన్న తన కొడుకు సాయితేజను రెక్క పట్టి ఈడ్చుకొచ్చాడు. ఎంకన్న లారీలకు మూటలెత్తే మనిషి. పిల్లవాడు ఒక కన్ను కనబడట్లేదంటాడు, గోడలకు గుద్దుకుంటాడు, ముట్టుకుంటే రక్కుతాడు. బడి ఎగ్గొట్టే నాటకమనుకుని తండ్రి బెల్టు తీశాడు. వీపంతా వాతలే. రెండో కన్నూ పోకముందే, ఈ పూటే మందు ఎక్కించాలని, ఎక్కించాక రక్తం తీస్తే జబ్బు తేలకపోవచ్చని సుధామయి చెప్పింది.

ఒళ్లో కూర్చోబెట్టగానే పిల్లవాడు తలతో వెనక్కి గుద్దాడు. కాశమ్మ పెదవి చిట్లింది.

"కదిలినవంటే సంపుత బిడ్డా," అన్నాడు ఎంకన్న.

"నువ్వు బయటుండు తమ్మీ. నేను పట్టుకున్న గద."

ఎంకన్న అక్కడే నిలబడ్డాడు. సూది నరంలోకి వెళ్లింది. పిల్లవాడు తండ్రి మొహాన ఉమ్మాడు. ఎంకన్న చెయ్యి లేచింది. మొదటి దెబ్బ చెంప మీద, రెండోది పక్కటెముకల మీద పడింది. పిల్లవాడు తప్పుకోలేకపోయాడు. తప్పుకునే వీలు లేకుండా కాశమ్మే పట్టుకుంది. వదిలితే సూది ఊడిపోతుంది, రక్తం దొరకదు. ఆ దెబ్బ అదురు వాడి ఎముకల్లోంచి ఆమె రొమ్ముకు తగిలింది.

"ఇడువవ్వా," అన్నాడు వాడు.

ఇడువు అన్న ఆ మాటే ఆమె మొగుడితో అనేది. ఆమె విడవలేదు. వాడి తల మీదికి వంగింది. మూడో దెబ్బ ఆమె మెడ మీద పడింది. వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి ఎంకన్నను గోడకు అదిమేసరికి గొట్టం నిండింది.

సాయంత్రం చీకటిగదిలో, మైక్రోస్కోప్ కింద, వాడి రక్తంలోని యాంటీబాడీలు అంటుకున్న కణాలు ఆకుపచ్చగా వెలిగాయి. జబ్బు తేలింది. చూపు చాలావరకు తిరిగి రావచ్చని చెబుతూ సుధామయి బయటికి వచ్చింది.

గోడవారన కూర్చున్న ఎంకన్న తలెత్తాడు. "అయితే వాడు నాటకం ఆడలేదా మేడం?"

అతను రెండు అరచేతులనూ నేలకేసి బాదుకున్నాడు, తోలు చిట్లేదాకా.

"నువ్వు పట్టుకోబట్టే దొరికింది కాశమ్మా," అంది సుధామయి.

"రేపటి సంది నేను రానమ్మా. పోరడు ఇడువుమన్నడు. నేను ఇడువలే."

వాడి మంచికే కదా పట్టుకున్నావని సుధామయి ఎంతో నచ్చజెప్పింది. నిజమేనని కాశమ్మ తలూపింది. పెదవి మీది నెత్తురు కొంగుతో అద్దుకుని, లాలాపేట్ వైపు నడిచి వెళ్లిపోయింది.

చేతులు కడిగే తొట్టి అంచున ఆమె విప్పిన గ్లౌజులు ఉన్నాయి. వాటి వేళ్లు ఇంకా ఏదో చిన్న మణికట్టు చుట్టూ ఉన్నట్టే వంగి ఉన్నాయి.