కొండలు పడని వదిన

మా వదినకు కొండలు పడవని డాక్టరుగారు అనలేదు. ఆ మాట నాది. ఆయన పేరు మీద చెలామణి చేశాను.

వదిన అంటే మా ఆయన శేషగిరిగారి అక్క సుహాసిని. అరవై మూడేళ్ళు, మోకాళ్ళ నొప్పులు, కాస్త బీపీ. కోడూరులో కొడుకూ కోడలూ మనవరాలితో ఉంటుంది. నేను బందరులో టీచర్ని. డాక్టరు దగ్గరికి రావాలంటే ఆవిడకు మా ఇల్లే మజిలీ.

అసలు ఆ యాత్ర ఆలోచన ఆవిడదే. జనవరిలో మా ఇంటికొచ్చినప్పుడు ఫోనులో ఏదో వీడియో చూపించింది. హిమాచల్‌లో మణికరణ్ అట. రెండు కొండల నడుమ లోయ, లోయలో పార్వతీ నది, ఒడ్డునే గుళ్ళు, ఆ గుళ్ళ పక్కన సలసల మరిగే నీటిగుండం. గుడ్డలో బియ్యం మూటగట్టి దాంట్లోకి దింపితే అన్నమైపోతుంది. 

"చూశావుటే సత్యవాణీ, పొయ్యి లేదు, గ్యాసు లేదు! ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుంటే నొప్పులన్నీ లాగేస్తాయట. వేసవి సెలవుల్లో వెళ్దామే" అంది.

మా స్కూల్లో చెబితే పదిమంది సరదాపడ్డారు. టిక్కెట్ల మాట వచ్చేసరికి నాకు గుబులు పట్టుకుంది. పోయినేడు విజయవాడలో పెళ్ళికి వెళ్తే, స్టేషన్లోంచి ఆటో దాకా నడవడానికి వదినకు అరగంట పట్టింది. దారిలో కనిపించిన ప్రతివాళ్ళనీ పలకరించింది. రెండుసార్లు బాత్రూమ్ ఎక్కడని అడిగింది. ఆ అరగంటలో నేను పళ్ళు ఎన్నిసార్లు కొరుక్కున్నానో నాకే తెలుసు. పాతికేళ్ళు పిల్లల వెనకాల నడిచినదాన్ని, పది రోజులైనా నా అడుగులు నేను వెయ్యాలనిపించింది. అది తప్పని ఇప్పుడూ అనను. తరవాత చేసిందే తప్పు.

ఫిబ్రవరిలో వదినకు పరీక్షలు చేయించాం. రిపోర్టులు మర్నాడిస్తామంటే ఆవిడ కోడూరు బస్సెక్కేసింది. నేనొక్కదాన్నే వెళ్ళి చూపించాను. "గుండె బాగుందమ్మా. బీపీ మాత్ర మానకుండా వేసుకుని, తొందరపడకుండా నడవమనండి. నిక్షేపంగా వెళ్ళి రావచ్చు" అన్నారు డాక్టరుగారు. 

మెట్లు దిగుతూనే వదినకు ఫోను చేశాను. "వదినా, కొండలు మీకు పడవుటండీ. గాలి పల్చగా ఉంటుంది, గుండె తట్టుకోదన్నారు" అని చెప్పాను. నోరు ఏమాత్రం తడబడలేదు. 

"అంతేనంటావా! సరేలే, మీరు వెళ్ళి రండి" అంది.

మే నెలలో బయల్దేరే ముందు ఆవిడే బందరు వచ్చి ఓ చిన్న మూట ఇచ్చింది. తన పాత వాయిల్ చీర కొంగు చింపి, సోలెడు పాత బియ్యం పోసి, గట్టిగా ముడేసింది. "కొత్తబియ్యమైతే ముద్దైపోతాయని పాతవే తెచ్చాను. ఉడికాక ఎండబెట్టి పట్రా. పాయసంలో వేసుకుంటాను. ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టకపోయినా, వాటి గుణం కడుపులోకన్నా వెళ్తుంది" అంది. 

ఆవిడ మెడ బోసిగా కనిపించింది. "గొలుసేది వదినా?" అన్నాను. 

"బరువుగా ఉంటోందే" అంది. నేను సూట్‌కేసు జిప్పుతో కుస్తీ పడుతున్నాను, ఇంకేం అడగలేదు.

మణికరణ్ వీడియోలో ఉన్నట్టే ఉంది. చుట్టూ దేవదారు కొండలు, పైన ఎక్కడో మంచు, కింద తెల్లగా నురగలు కక్కే నది. నీళ్ళ హోరులో పక్కవాళ్ళ మాట వినపడదు. గుడి ముందంతా ఆవిరే. అది చూసి నోరెళ్ళబెట్టి "వదినా" అనబోయాను. అలవాటు. పక్కన రెబెకా ఉంది.

రెబెకా మా స్కూల్లోనే సైన్సు చెబుతుంది. వాళ్ళమ్మ కృపావరంగారు గుడివాడ నుంచి వచ్చి మాతో కలిశారు. డెబ్బై రెండేళ్ళు, చేతిలో కర్ర. అందరికంటే వెనక నడుస్తూ, అందరికంటే ఎక్కువ చూస్తూ వచ్చారు. ఆవిడ కోసం ఆగితే ఎవరి కొంపా మునగలేదు. ఆగిన ప్రతిచోటా మాకు మంచి టీ దొరికింది.

స్నానాలకని గోరువెచ్చని నీళ్ళు కట్టిన చోట, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుని, ఆవిడ మోకాళ్ళదాకా కాళ్ళు పెట్టి కూర్చున్నారు. "ప్రభువు భూమి లోపలే పొయ్యి వెలిగించాడు చూశావా టీచరమ్మా!" అని నవ్వారు. కాసేపయ్యాక, "మీ వదినగారికీ మోకాళ్ళేనటగా. తీసుకురావాల్సింది" అన్నారు. 

"ఆవిడకి బీపీ అండీ" అన్నాను. 

"నాకూ ఉందిగా. పొద్దునోటి, సాయంత్రమోటి మాత్ర" అన్నారు. 

నేను వదిన మూట పట్టుకుని మరిగే గుండం వైపు వెళ్ళిపోయాను. మూటకు తాడు కట్టి నీళ్ళలోకి దింపాను. బుడగలు దాన్ని అటూ ఇటూ కొడుతున్నాయి. బియ్యం ఉడికే ఆ ఇరవై నిమిషాలూ నా మీద నాకు పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఆవిడ కలగన్న చోట, ఆవిడ చీర గుడ్డ పట్టుకుని నేను నిలబడ్డాను.

అన్నం మెతుకు మెతుకు విడివిడిగా ఉడికింది. హోటలు డాబా మీద తువ్వాలు పరిచి రెండు రోజులు ఎండబెట్టాను. వచ్చే ఏడు వదినను నేనే తీసుకొస్తానని ఆ డాబా మీదే నిర్ణయించుకున్నాను. సగం తప్పు దిద్దుకున్నట్టే అనిపించింది. మార్కులు వేసే అలవాటున్న చెయ్యి కదా, నాకు నేనే ధారాళంగా వేసుకున్నాను.

బందరు చేరిన మర్నాడే అవనిగడ్డలో బస్సు మారి కోడూరు వెళ్ళాను. గుమ్మంలోనే వదిన కొడుకు వరుణ్ లడ్డూ చేతిలో పెట్టాడు. వాడి చంకలో ఏడాది పాప. గుండు మీద చందనం.

"పుట్టువెంట్రుకలు ఎప్పుడు తీయించారురా?" అన్నాను.

"మొన్న గురువారం అత్తా, తిరుపతిలో. అమ్మ రాలేదు. నడిచెక్కక్కర్లేదు, కారు పైదాకా వెళ్తుందంటే కూడా వినలేదు. కొండలు పడవని డాక్టరుగారు అన్నారటగా. సాయంత్రాలు కరకట్ట మీదికి కూడా వెళ్ళడం మానేసింది."

కృష్ణ పొంగితే ఊళ్ళోకి రాకుండా వేసిన మట్టికట్ట, కరకట్ట. బల్లపరుపుగా ఉండే మా దివిసీమలో అంతకంటే ఎత్తు లేదు. ఎక్కడో హిమాలయాల పేరు చెప్పి నేనాడిన అబద్ధం, ఆవిడను ఆ కట్ట కూడా ఎక్కనివ్వలేదు. లడ్డూ చేతిలోనే ఉండిపోయింది.

వంటింట్లో వదిన పాలు కాస్తోంది. నేనిచ్చిన పొట్లం విప్పి, ఎండు మెతుకులు కళ్ళకద్దుకుంది. "ఎంత తెల్లగా ఉడికాయే!" అని పాలల్లో పోసి గరిటె తిప్పసాగింది. 

ఇంకాగితే ఎప్పటికీ చెప్పలేనని తెలిసింది.

"వదినా, డాక్టరుగారు అలా అనలేదు."

"ఎలా?"

"కొండలు పడవని. నిక్షేపంగా వెళ్ళచ్చన్నారు. గుండె బాగుందన్నారు. మీతో నడవాలంటే విసుగేసి నేనే అబద్ధం చెప్పాను."

గరిటె ఆగింది. పాలు పొంగొస్తుంటే నేనే స్టవ్ కట్టేశాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"నెమ్మదిగా నడుస్తారు, ఈసారికి వద్దు వదినా అంటే మానేసేదాన్ని కదుటే" అంది చివరికి. "మానుకోవడం నాకేం కొత్త? నువ్వు నన్ను భయపెట్టావే. నాలుగు నెలలుగా, పడుకుంటే లేస్తానో లేదోననుకుంటూ పడుకుంటున్నాను. పోయాక నా ఒంటి మీంచి ఒలుచుకునే పని కోడలికి పెట్టకూడదని గొలుసు తీసి దానిచేతే బీరువాలో పెట్టించాను."

క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది.

ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుని, "ఉమాశ్రీ, నా గొలుసు ఓసారి పట్రామ్మా" అని కోడల్ని కేకేసింది. గొలుసు వచ్చాక మెళ్ళో వేసుకుని, వెనక కొక్కెం పెట్టుకోబోయింది. రెండుసార్లు ప్రయత్నించి నా వైపు వీపు తిప్పి కూర్చుంది. 

"నువ్వు పెట్టు" అంది.

దగ్గరికి వెళ్ళాను. ఆ సన్నటి కొక్కెం నా వేళ్ళకూ చిక్కలేదు. చాలాసేపు పట్టింది. ఆవిడ ఒక్కసారి కూడా తొందరపెట్టలేదు.