చివరి వరుసలో డీలియా

రామలక్ష్మి ల్యాప్‌టాప్ మీది దుమ్ము తుడిచి, అక్షరాలు పెద్దవి చేసి, నోరీన్ మేడం ముందుకు జరిపింది. మస్కట్ శివారు అల్ హైల్‌లోని ఆ ఇంట్లో అంట్లు తోమి, ఇల్లు తుడిచాక నాలుగేళ్ళుగా ఆమెకు ఇదొక డ్యూటీ. మేడంకు ఎనభై దాటాయి. చుక్కల మందు వేసుకున్నా గంటకు మించి చూపు ఆనదు. ఆ గంటలోనే ఐర్లండులో ఎప్పుడో పోయిన వాళ్ళ అమ్మమ్మ డీలియాను ఇంటర్నెట్‌లోని పాత కాగితాల్లో వెతకాలి.

డీలియా పుట్టిన కాగితం దొరికింది, పెళ్ళి కాగితం దొరికింది. నడుమ 1911 జనాభా లెక్కల్లో మాత్రం పిల్ల లేదు. అమ్మా నాన్నా ఉన్నారు, ఆరుగురు తోబుట్టువులున్నారు. ఇంటికి ఎన్ని కిటికీలో కూడా రాసుకున్న మహానుభావులు డీలియాను మాత్రం మరిచిపోయారు.

ఆ రోజు నాలుగింటికి కారు వస్తుంది. మస్కట్‌లో టీచరుగా పనిచేసే కూతురు, మేడంను ఐర్లండులో ముసలివాళ్ళను చూసుకునే చోట చేర్పించబోతోంది. అక్కడ పక్కన కూచుని ఇవన్నీ చూపించేవాళ్ళు ఎవరుంటారు?

"ఇక దొరకదులే" అని మేడం కళ్ళద్దాలు తీసేసింది.

రామలక్ష్మికి ఉన్నట్టుండి కోపం వచ్చింది. సగం ఇంగ్లీషులో, పావు అరబ్బీలో, మిగతాది చేతులతో చెప్పింది.

"పదిహేడేండ్ల పిల్ల ఇంట్లో ఎందుకుంటాది మేడం? పనికి పొయ్యింటాది. నన్ను మా ఊర్లో రాసుకున్యారా? రేషన్ కార్డులో గూడా పేరు తీసేసినారు. నేనుండేది ఈడ గదా! ఆయమ్మను పనిజేసే ఇంట్లో ఎతకండి."

మేడం మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకుంది. పెళ్ళి కాగితంలో డీలియా ఉండే చోటు అని పట్నంలోని ఒక వీధి పేరు ఉంది. అది పెళ్ళికొడుకు ఇల్లనుకుని ఇన్నాళ్ళూ వదిలేసింది. ఆ వీధిలో ఇల్లిల్లూ తిరగేశారు. ఏడో ఇల్లు బట్టల కొట్టు ఆసామిది. ఆయనా, భార్యా, పిల్లలూ, గుమాస్తా. అందరి కిందా, చివరి వరుసలో డీలియా. పదిహేడేళ్ళు, పనిమనిషి. పుట్టిన జిల్లా కూడా సరిపోయింది.

మేడం చిన్నపిల్లలా ఏడ్చింది. "పనిమనిషిగా చేశానని మాకెప్పుడూ చెప్పలేదు" అంది.

రామలక్ష్మి కొడుక్కి సంబంధం చూసినప్పుడు పిల్లవాడి అమ్మది ఒమాన్‌లో ఆసుపత్రి ఉద్యోగమని ఇంట్లోవాళ్ళు చెప్పుకున్నారని ఆమెకు తెలుసు.

"ఇప్పుడు నీ వంతు" అంటూ మేడం తెల్లకాగితం మీద మూడు గడులు గీసింది. మొదటి గడిలో రామలక్ష్మి. రెండో గడిలో ఆమె తల్లి వెంకటసుబ్బమ్మ.

"మీ అమ్మమ్మ?"

రామలక్ష్మికి అవ్వ దగ్గరి వక్కాకు వాసన, శెనక్కాయలు ఒలిచి ఒలిచి కాయకట్టిన బొటనవేలు, వానపడితే దుప్పట్లోకి లాక్కుని చెప్పిన దయ్యాల కథలు, అన్నీ గుర్తొచ్చాయి. పేరే తెలియదు. ఊరంతా అవ్వా అనే పిలిచింది. పేరు తెలిసిన అమ్మ కూడా నిరుడు పోయింది.

"అవ్వంటే అవ్వే మేడం" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు. నాలుగేళ్ళు ఎవరి అవ్వనో వెతికింది గానీ తన అవ్వ పేరు అమ్మనొక్కసారి అడగలేదు.

కారు వచ్చింది. మేడం ఆమె చెంప నిమిరి, కూతురి చెయ్యి పట్టుకుని ఎక్కింది. కారు మలుపు తిరిగేదాకా రామలక్ష్మి గేటు దగ్గరే నిలబడింది. రేపటి నుంచి ఆమెకు మబేలాలో ఇంకో ఇంట్లో పని.

లోపలికొచ్చి పక్క దుప్పట్లు తీసింది. మందు సీసాలు సంచిలో వేసింది. బల్ల తుడవబోయి ఆగింది. డీలియా కాగితాలన్నీ మేడంతో వెళ్ళిపోయాయి. మూడు గడుల కాగితం ఒక్కటే మిగిలింది. ఖాళీగా ఉన్న మూడో గడి పక్కన, మేడం కొత్తగా చెక్కి పెట్టిన పెన్సిలు.