కలువలు మిగిలిన గుంట

సీతారత్నంగారింటికి ఎవరు వెళ్లినా ముందు ఇచ్చేది నూతి నీళ్లు. కాఫీ, టిఫిను ఆ తర్వాతే. గ్లాసు చేతికిచ్చి, మనం తాగేదాకా ఎదురుగా నిలబడి, "ఎలా ఉన్నాయండి?" అని అడుగుతారు. బావున్నాయనాలి. అబద్ధమాడాల్సిన పనేం లేదు, నిజంగానే బావుంటాయి. రాజోలు నుంచి అప్పనపల్లి వెళ్లే దారిలో ఉంది వాళ్ల ఊరు. చుట్టూ వరిచేలన్నీ రొయ్యల చెరువులైపోయాక, తియ్యటి నీళ్లున్న నుయ్యి ఆవిడదొక్కటే మిగిలింది.

నేను ఆ ఇంటికి వెళ్లింది నీళ్ల కోసం కాదు. అమలాపురంలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతాను. పువ్వులేని మొక్కలంటే నాకు పిచ్చి. పువ్వుంటే ఎవరైనా చూస్తారు, అందులో గొప్పేముంది? వాళ్ల కొబ్బరితోట వెనక పల్లంలో వాననీళ్లు నిలిచే గుంట ఒకటుంది. నాలుగు ఎర్రకలువలు కూడా ఉన్నాయి కానీ వాటి సంగతి నాకు పట్టదు. వాటి మధ్య నాకు ఐసోయెటిస్ అనే మొక్క దొరికింది.

చూడడానికి అచ్చం ఉల్లినారు. పువ్వు పూయదు, కాయ కాయదు, గింజ వేయదు. ఆకు మొదలు గోటితో చీలిస్తే బొంబాయి రవ్వలా తెల్లటి సిద్ధబీజాలు రాలతాయి. దాని సంతానం అదే. భూమ్మీద పువ్వనేది పుట్టకముందే దీని వంశం ఉంది. ఆ వంశంలో ఒకప్పుడు తాటిచెట్లను మించిన మహావృక్షాలుండేవి, అవి ఎప్పుడో బొగ్గయిపోయాయి. ఇది మాత్రం జానెడెత్తున, ఎండాకాలం మట్టిలో దుంపై పడుకుని, వానకు మళ్లీ లేస్తూ బతుకుతోంది. ఊళ్లో దీనికి పేరు కూడా లేదు. పేరు లేనిదేదైనా మనకు కలుపే.

సీతారత్నంగారి భర్త సూర్యారావుగారు ఆ గుంటనూ పక్క చేనునూ రొయ్యల చెరువుకు లీజుకిస్తానని ఎవరికో మాటిచ్చేశారు. నేను ఆయన్ని గుంటలోకి దింపి మొక్క చూపించాను. పంచె ఎగ్గట్టుకుని, వంగి, చాలాసేపు చూశారు.

"దీనికోసమాండి ఇంత గొడవా?" అన్నారు. "చుట్టూ అందరూ ఇచ్చేసేరు. నేనొక్కణ్ణీ వరేసుకుని కూర్చుంటే ఉప్పు ఆగుతుందాండి?"

"ఇక్కడ కూడా ఉప్పునీళ్లు పెడితే ముందు పోయేది మీ నుయ్యి" అన్నాను.

ఇంటికొచ్చాక ఆ మాట సీతారత్నంగారి చెవిన పడింది. మోకాళ్ల నొప్పులతో ఆవిడ గుంటదాకా నడవలేరు, నేను చెబుతున్న మొక్కేదో చూసిందీ లేదు. అయినా నా పక్షం చేరిపోయారు.

"నేను పోయేదాకా ఆ నీళ్లుండనివ్వండి. తర్వాత మీ ఇష్టం" అని భర్తతో తెగేసి చెప్పారు.

సూర్యారావుగారు కాసేపు గొణిగి, చివరికి ఒక మెలిక పెట్టారు. "హైదరాబాదు నుంచి మీ పెద్దాయనొచ్చి, కళ్లారా చూసి, కాపాడాల్సిందేనని రాసిస్తే ఉంచేస్తానండి. లేదంటే నా మాట నేను నిలబెట్టుకోవాలి."

పెద్దాయనంటే రామ్మూర్తిగారు, ఇలాంటి మొక్కల మీదే జీవితమంతా గడిపిన ప్రొఫెసరు. ఆయన రాస్తే పైవాళ్లు కదులుతారు. ఫొటోలు పంపితే, "బతికున్న మొక్కను నా కళ్లతో చూడాలమ్మా, వానల్లో వస్తాను" అన్నారు. ఆ సంగతి ఫోన్లో చెప్పగానే సీతారత్నంగారి సంబరం అంతా ఇంతా కాదు.

"ఆయ్, మీరేం కంగారుపడకండి మేడంగారూ. అంత పెద్దాయన వస్తుంటే మేం చూసుకోమాండి?"

గోదావరోళ్లు మర్యాద చేసి చేసి చంపేస్తారని లోకమంతా జోకులేస్తుంది, నేనూ వేస్తాను. ఆరోజు కూడా నవ్వుకుంటూనే ఫోన్ పెట్టేశాను.

రామ్మూర్తిగారు రావులపాలెంలో బస్సు దిగితే కారులో తీసుకెళ్లాను. గేటు దగ్గరే నాకు భయం పట్టుకుంది. దారి పొడవునా బ్లీచింగు చారలు. కొబ్బరి మొదళ్లకు తెల్లగా సున్నం. అరుగు మీద చక్కెరకేళి గెల, పక్కనే ఇస్త్రీ చొక్కాలో సూర్యారావుగారు. సీతారత్నంగారు నీళ్లిచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"అమృతంలా ఉన్నాయమ్మా" అన్నారు రామ్మూర్తిగారు.

ఆవిడ ముఖం వెలిగిపోయింది. "గుంట కూడా బాగుచేయించేనండి. నిన్న ఈయన గెల కోసం రావులపాలెం వెళ్తే, నేను ఆడకూలీల్ని పెట్టి గడ్డంతా పీకించేసేను. ఇప్పుడు మీ మొక్క ఒక్కటే ఉందండి, చక్కగా కనబడుద్ది."

"ఏ మొక్కండీ?" అన్నాను.

"అదేనండి, కలువ."

సూర్యారావుగారు నా ముఖం చూశారు. ముగ్గురం తోటలోంచి పరుగులాంటి నడకతో వెళ్లాం. గుంట అద్దంలా ఉంది. తేట నీళ్లలో నాలుగు ఎర్రకలువలు, గట్టు చుట్టూ తెల్లటి పొడి. పెద్దాయన కాళ్లకు అంటకూడదని అడుగు బురద కూడా తోడించేశారు. దాన్ని తీసుకెళ్లి పక్క రొయ్యల చెరువు గట్టుకు మెత్తారట, గడ్డి గేదెలకు వేశారట. ఇక ఆ బురదలో బీజాలున్నా ఉప్పులోనే ఉన్నాయి.

రామ్మూర్తిగారు ప్యాంటు మడుచుకుని దిగి, మోచేతుల దాకా నీళ్లలో పెట్టి వెతికారు. తెగిన ఆకు ఒక్కటి దొరికింది. మొదలు చీల్చి చూసి, "బీజాలు ఇంకా పచ్చివే, మొలకెత్తవు" అన్నారు. దాన్ని జేబురుమాలులో చుట్టుకున్నారు.

"లేనిదాన్ని కాపాడమని రాయలేనమ్మా" అన్నారు నాతో.

ఎన్ని ప్రళయాలు దాటొచ్చిన వంశం! మా మర్యాదను దాటలేకపోయింది. నాకు కోపమొచ్చింది, ఎవరినైనా పట్టుకుని అరవాలనిపించింది. అరుగు దగ్గరికొచ్చేసరికి సూర్యారావుగారే భార్యకు మెల్లగా చెప్పేశారు, పీకించింది దాన్నేనని.

ఆవిడ చేతిలో విస్తరాకులు. అవి కింద పెట్టలేదు.

"దానికి పువ్వు లేదు కదండీ" అన్నారు. "పువ్వు లేనిది... అంత దూరం నుంచి గడ్డి కోసం వస్తారని నేనెలా అనుకుంటానండి?"

నా కోపం ఎటు పోయిందో తెలీదు. ఏడుపొచ్చింది. ఆవిడ వడ్డించారు, రామ్మూర్తిగారు ఏదీ వద్దనకుండా అన్నీ తిన్నారు. సూర్యారావుగారు మాట నిలబెట్టుకునే మనిషి, ఆ నెలలోనే లీజు కాగితాల మీద సంతకం పెట్టారు.

మళ్లీ వేసవిలో వెళ్లాను. తోట వెనక చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్లు బరబరా తిరుగుతున్నాయి. గుంట ఎక్కడుండేదో గుర్తుపట్టలేకపోయాను. సీతారత్నంగారు నన్ను చూసి లోపలికెళ్లి, కొట్టులో కొన్న నీళ్ల సీసా తెచ్చారు. నా ఎదుటే మూత తిప్పి, ఎప్పుడూ ఇచ్చే ఆ గ్లాసులోనే పోసి, రెండు చేతులతో అందించారు.

నేను తాగడం మొదలుపెట్టకముందే ఆవిడ లోపలికి వెళ్లిపోయారు. ఎలా ఉన్నాయని అడగలేదు.