పుర్రచేతి గరిటె

పీర్ మహమ్మద్ నర్ది కొయ్యను కాళ్ల మధ్య బిగించి చెంచా కడుపు తొలుస్తున్నాడు. ఉదయగిరి కొండ కింద ఆ పంచలోనే బతుకంతా గడిచింది. అరచేతులు కొయ్యకంటే గట్టిపడ్డాయి, నడుం చెక్కే వంపులోనే నిలిచిపోయింది. ఇవాళ మాత్రం ఉలి దారి తప్పుతోంది.

ఎదురుగా ఆత్మకూరు అచ్చాఫీసు కొండలయ్య చెమటలు తుడుచుకుంటున్నాడు.

“జీపు వస్తా ఉండాది పీరా. పొరబాటైందని చెప్పు. కుడిచేతి బొమ్మతో ఇంకో కరపత్రమేస్తే వదిలేస్తానన్నాడు మాలకొండయ్య.”

పొరబాటు నిజమే. సీతారామపురం కుర్రాళ్లు కరువు గంజి మీద కరపత్రం వేస్తామంటే పీర్ మహమ్మద్ అచ్చుదిమ్మ చెక్కి ఇచ్చాడు. బానపొట్ట పెద్దమనిషి, చేతిలో మూరెడు కాడ గరిటె, దాని గుంట మాత్రం బొటనవేలి గోరంత. ఫలానా మనిషని లేదు. పేదల గంజి కాజేసే ప్రతివాడూ వాడే. అయితే అచ్చుకు బొమ్మను తిరగేసి చెక్కాలి. చెంచాల చేతికి ఆ ధ్యాస లేకపోయింది. దిమ్మ మీది కుడిచేతి గరిటె కాగితం మీద ఎడమచేతికి మారింది. ఆ చుట్టుపక్కల పుర్రచేతి పెద్దమనిషి ఒక్కడే, గంజి కేంద్రం కాంట్రాక్టరు మాలకొండయ్య. జనం పడీపడీ నవ్వారు. గుమ్మడికాయల దొంగ అని ఎవరూ అనకముందే ఆయన భుజాలు తడుముకుని పోలీసుల దగ్గరికి పరుగెత్తాడు. అసలే ఎమర్జెన్సీ. లోపలికి పోయినవాడు ఎప్పుడొస్తాడో చెప్పే నాథుడు లేడు.

“ఉన్నమాటే గదా, చెప్పెయ్యండి,” అంది గడపలోంచి భార్య మస్తాన్‌బీ.

అతను తలూపాడు. చెప్పేద్దామనే అనుకున్నాడు.

అంతలో సీతారామపురం నుంచి ఎస్తేరమ్మ వచ్చింది. గంజి కేంద్రంలో గంజి తాగే ముసలమ్మ. గుడ్డ చుట్టిన సత్తుగిన్నె అతని ముందు పెట్టింది.

“నీ బొమ్మ వచ్చినకాడి నుంచి గరిటె నిండా పోస్తా ఉండారు నాయనా. నువ్వూ ఒక గుక్క తాగాలని తెచ్చినా. బస్సులో ఒలికింది పోనూ ఇంత మిగిలుండాది.”

పొరబాటంటే రేపటినుంచి ఆ గరిటె ఎంత మునుగుతుందో పీర్ మహమ్మద్‌కు తెలుసు.

జీపు ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి కరపత్రం చూపించాడు.

“ఎవర్రా ఈ పుర్రచెయ్యి?”

“పొరబాటు సార్...” కొండలయ్య అందుకున్నాడు.

“నిన్నడగలేదు.”

పీర్ మహమ్మద్‌కు భయమేసింది. మస్తాన్‌బీ ముఖం చూడలేకపోయాడు.

“పొరబాటు కాదు సార్. మాలకొండయ్యే. చూసే చెక్కినాను.”

పుట్టి బుద్ధెరిగాక అతనాడిన పెద్ద అబద్ధం అదే.

అతన్ని ఎక్కించుకుని జీపు వెళ్లిపోయింది. మస్తాన్‌బీ రోడ్డుదాకా పరుగెత్తి అక్కడే కూలబడింది. పంచలో, చెక్కపొట్టు మధ్య సత్తుగిన్నె అలాగే ఉంది, మూడొంతులు గంజితో.